ఆరున్నర శాతం

ఆ మంగళవారం ఉదయం ఎలీషా వేసుకున్న పథకంలో లోపమన్నది లేదు. ఆరింటికి స్నానం, ఆరుంబావుకు ప్రార్థన, ఏడింటికి ఉగ్గాని, ఏడున్నరకు ఆళ్ళగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు, పది గంటలకు నంద్యాల అతిథిగృహంలో నిపుణుల సంఘం ఎదుట దిగ్విజయం. మహాసామ్రాజ్యాలు సైతం ఇంతకంటే తక్కువ ఆలోచనతోనే స్థాపింపబడ్డాయి. కూలిపోవడానికి మాత్రం వాటికి పల్లెవెలుగు బస్సు అవసరం కాలేదు.

ఎలీషా ఆళ్ళగడ్డలో ఒక డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాడు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. నెత్తి మీద వెంట్రుకలు ఏనాడో సెలవు తీసుకున్నాయి గానీ, అన్యాయాన్ని ఆమడదూరం నుంచి పసిగట్టి ఎర్రబడే చెవులు మాత్రం పదవిలోనే ఉన్నాయి. వారంలో ఆరు రోజులు ఆయన శాస్త్రవేత్త. ఏడోరోజు చర్చి తరఫున నడిచే మద్యపాన నిర్మూలన సంఘానికి కార్యదర్శి. మూడు తరాలుగా ఆ ఇంట మద్యం చుక్క ముట్టినవాడు లేడు. ప్రభుభోజనానికి వాడే ద్రాక్షరసం కూడా పులియకముందే వాడాలని పట్టుబట్టి, ఇద్దరు పాస్టర్లతో మాటలు మానుకున్న చరిత్ర ఆయనది.

అటువంటి పుణ్యపురుషుడు ఆరేళ్ళుగా చేస్తున్న పని ఆల్కహాలు తయారుచేయడం. ఇందులో వైరుధ్యం ఆయనకు ఏనాడూ కనిపించలేదు. మనుషులు తాగితే పాపం, మోటార్లు తాగితే ప్రగతి.

రొట్టెను పొంగించే ఈస్టు అనే జీవికి తీపి అంటే ప్రాణమే కానీ, ప్రతి తీపీ కాదు. బెల్లం, చెరకురసం, ద్రాక్ష పెడితే ఆబగా తిని ఆల్కహాలుగా మార్చి ఇస్తుంది. మన పొలాల్లో ఎండి, ఎనుములు తినగా మిగిలి, చివరికి నిప్పుపాలయ్యే జొన్నచొప్పలో కూడా ఒక చక్కెర ఉంది. దాని పేరు జైలోజ్. దాన్ని మాత్రం ఈస్టు పెళ్ళివిందులో కాకరకాయ కూరలాగా విస్తరి అంచుకు నెట్టేస్తుంది. ఈ అహంకారాన్ని అణచడానికి ఎలీషా కంకణం కట్టుకున్నాడు. ఏనుగు పేడలో బతికే ఒక బూజు నుంచి వచ్చిన జన్యువును ఈస్టులో చేర్చాడు. ఆపైన, చొప్పను ఉడికించి ఆ ఒక్క చక్కెరనే రాబట్టిన చొప్పరసం తప్ప మరొక ఆహారం కంటికి చూపకుండా దాన్ని తరతరాలుగా సాకాడు. నలభై ఆరు వంశాలు ఆకలితో అంతరించాయి. నలభై ఏడోది తిన్నది. దానికి ఆయన 'నలభై ఏడు' అని పేరు పెట్టాడు. నామకరణంలో శాస్త్రవేత్తలకు చేతనయ్యే కవిత్వం అంతే.

నలభై ఏడు మూలవిత్తనం కళాశాలలోని ఒక అతిశీతల ఫ్రీజరులో ఉంది. యాజమాన్యం దృష్టిలో ఆ ఫ్రీజరు ఐస్‌క్రీము కోసం పుట్టి, దారితప్పి ప్రయోగశాలకు చేరింది. క్యాంటీను వాళ్ళు వచ్చి రెండుసార్లు కొలతలు కూడా తీసుకుపోయారు. నిపుణుల సంఘం 'చొప్పరసం నుంచి అయిదు శాతానికి తక్కువ కాకుండా ఆల్కహాలు వచ్చింది' అని రాసిస్తే పరిశోధనకు మరో మూడేళ్ళ ఆయుష్షు. రాయకపోతే నెలాఖరుకు ప్లగ్గు పీకుతారు. ఆరేళ్ళ తపస్సు కరిగి, దాని స్థానంలో వెనీలా గడ్డకడుతుంది.

ఆ సంఘానికి అధ్యక్షుడు ఆచార్య గురుస్వామి. ఈస్టు జైలోజ్‌ను పులియబెట్టదని ఆయన తన గ్రంథం రెండువందల పన్నెండో పేజీలో శాసించి ముప్ఫై ఏళ్ళయింది. ఈ ముప్ఫై ఏళ్ళలో ప్రపంచం చాలా మారింది గానీ ఆ పేజీ మారలేదు. ఎలీషా పంపిన అంకెలన్నిటికీ ఆయన ఒక్క వాక్యంతో జవాబిచ్చాడు. "మీ ప్రయోగానికి మీరే సాక్షి అయితే, నేనెలా నమ్మేది?"

ఆ వాక్యం చదివిననాడు ఎర్రబడిన చెవులు మళ్ళీ మామూలు రంగుకు రావడానికి నాలుగు రోజులు పట్టింది. అందుకే పులుస్తున్న ద్రవాన్ని పులుస్తున్నట్టే తీసుకుపోయి, ఆచార్యుడి ముక్కు కింద పెట్టి, ఆయన చేతనే కొలిపించాలని ఎలీషా నిశ్చయించాడు. పది లీటర్ల నీలం క్యాన్లు రెండు సిద్ధమయ్యాయి. రెండింటిలోనూ ఒకే చొప్పరసం. ఒకదానిలో నలభై ఏడు, రెండోదానిలో పోల్చి చూపడానికి అంగట్లో దొరికే మామూలు ఈస్టు. పులిసేటప్పుడు పుట్టే గ్యాసు బయటికి పోవడానికి మూతలకు రంధ్రాలు, రంధ్రాలకు రబ్బరు గొట్టాలు, గొట్టాల కొసలు నీళ్ళ సీసాలలో.

"సెలైన్ ఎక్కించిన రోగుల మాదిరి ఉండాయి రెండూ," అంది భార్య వినీత, ఈగలు ముసరకుండా క్యాన్ల మీద పాత తెల్లపంచె చింపి కడుతూ. "బస్సులో జనాలు ఏమనుకుంటారో ఏమో."

"ఏమనుకుంటారు? చదువుకున్నోళ్ళకు చెప్తే అర్థమైతాది. చదువుకోనోళ్ళు అడగనే అడగరు."

"పర్మిట్ కాగితం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోరాదా? ఫైలు యాడన్నా మర్సిపోతావు."

"రెండు సంతకాలు, మూడు ముద్రలు ఉండే కాగితం అది. ఫొటో తీస్తే ముద్రకు విలువేముంటాది?" అన్నాడు ఎలీషా. చెవులు రంగు మారడం మొదలైంది. వినీత ఇరవై రెండేళ్ళ అనుభవంతో వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బస్సులో కండక్టరు మద్దిలేటి క్యాన్లను కాలితో కాస్త తట్టి చూశాడు. "ఏంది సార్ ఇది, పాలా?"

"కాదప్పా."

"నీళ్ళా?"

"కాదు. చొప్పరసం."

"చొప్పకు రసం యాడిది సార్!" అన్నాడు మద్దిలేటి. ఎనుములను సాకిన వంశంలో పుట్టినవాడికి సహజంగా కలిగే సందేహమే అది. ఎలీషా దానిని క్షమించి, క్యాన్లను కాళ్ళ మధ్య పెట్టుకుని, ఫైలును పైనున్న సామాన్ల అరలో పెట్టి, కిటికీ పక్కన ఆసీనుడయ్యాడు.

బస్సు కదిలింది. ఎండ ఎక్కింది. గతుకుల కుదుపుకు నలభై ఏడుకు కొత్త ఉత్సాహం వచ్చింది. ప్రయోగశాలలో నిమిషానికి నాలుగు బుడగలు వదిలే క్యాను ఇప్పుడు ముప్ఫై వదలసాగింది. బుడుక్, బుడుక్, బుడుక్. పక్క క్యాను మాత్రం ఆచార్య గురుస్వామి గ్రంథాన్ని గౌరవిస్తూ మౌనంగా ఉంది. పుల్లటి వాసన ఒకటి నెమ్మదిగా లేచి, సీటు సీటునూ పలకరిస్తూ డ్రైవరు దాకా నడిచింది. ఎలీషా కళ్ళు మూసుకుని ఆ వాసనను ఆస్వాదించాడు. తండ్రికి బిడ్డ నోట పాలవాసన ఎలాగో, ఆయనకు అది అలాగు.

పక్క సీటులో ఒక నడివయసు స్త్రీ కూర్చుని ఉంది. చేతిలో గుడ్డసంచి, కాయలు కాచిన అరచేతులు. పేరు దానమ్మ. ఉయ్యాలవాడ దిక్కు ఒక పల్లెలో కూలిపని చేస్తుంది, నంద్యాలలో కూతురి ఇంటికి పోతూంది. ఈ వివరాలు ఎలీషాకు తరువాత కాగితం మీద తెలిశాయి.

"ఏంది సార్ అది, గుడగుడమంటాండాది?"

"ఏం లేదమ్మా. పరిశోధన."

దానమ్మ "ఓహో" అని, సంచిలోంచి బైబిలు తీసింది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన పసుపుపచ్చ కాగితం తీసింది. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. ఒక్కో వాక్యానికీ ఒకసారి ఆగి క్యాన్ల వైపు చూసింది. ఆ కాగితాన్ని ఎక్కడో చూసినట్టు ఎలీషాకు తోచింది గానీ, వాక్యధ్యానంలో ఉన్న సోదరిని కదిలించడం మర్యాద కాదని ఊరుకున్నాడు. కాసేపటికి ఆమె మొహం అటు తిప్పి ఫోనులో మాట్లాడింది. "రెండు ఉండాయి. నీలంవి. ఆఁ, శిరివెళ్ల మెట్ట దాటినాం. బేగా రాండి." కూతురికి చీరలు కొన్నదని ఎలీషా సంతోషించాడు.

పది నిమిషాల తరువాత రోడ్డుకు అడ్డంగా ఒక జీపు నిలబడి ఉంది. అందులోంచి దిగి బస్సెక్కినవాడు ఎక్సైజు కానిస్టేబులు సంజీవయ్య. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అతనికి ప్రమోషను రాలేదు గానీ ముక్కు మాత్రం వచ్చింది. నల్లమల అంచు నుంచి కుందూ ఒడ్డు దాకా ఏ చెట్టు కింద ఏ కుండలో ఎన్నో రోజు ఊట పులుస్తూందో ఆ ముక్కు చెప్పగలదు. సారా కాచడానికి ముందు పులియబెట్టే ద్రవాన్ని ఊట అంటారు. అది దొరికితే సారా దొరికినట్టే లెక్క. సంజీవయ్య మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చి, ఎవరినీ అడగకుండా నేరుగా ఎలీషా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"దిగు సార్."

"నేనెందుకు దిగల్ల?"

"క్యాన్లు దిగుతాండాయి. వాటెంబడి నువ్వు."

"నేనెవరో తెలుసునా నీకు?"

"తెలీదు సార్. స్టేషన్లో రాసుకుంటాం గదా."

ఎలీషా చెవులు దానిమ్మపూలయ్యాయి. అయినా కానిస్టేబులు చేతిలో నలభై ఏడు ఒరిగిపోతుందేమోనన్న భయంతో రెండు క్యాన్లనూ తానే రెండు చేతులా పట్టుకుని దిగాడు. ఆయన వెనుక దానమ్మ కూడా దిగింది. బస్సు వెళ్ళిపోయింది. దుమ్ము అణిగింది. అప్పుడు ఫైలు గుర్తుకొచ్చింది.

"మద్దిలేటీ! ఓ మద్దిలేటీ!" అని శాస్త్రవేత్త రోడ్డు మధ్య నిలబడి కేకవేశాడు. సమాధానంగా దూరం నుంచి హారన్ ఒకటి వినిపించింది. అది కూడా వేరే లారీది.

స్టేషన్లో ఇనస్పెక్టరు పూర్ణిమ ఇంకా చిన్నవయసు మనిషి. మర్యాదస్తురాలు. కుర్చీ వేయించింది, నీళ్ళిప్పించింది, చెప్పింది ఓపికగా విన్నది. ఎలీషా ఏనుగు పేడతో మొదలుపెట్టి, జైలోజ్ మీదుగా, దేశపు ఇంధన స్వావలంబన దాకా నలభై నిమిషాలు ప్రసంగించాడు. పర్మిట్ ఉన్నదనీ, అది ప్రస్తుతం నంద్యాల వైపు ప్రయాణిస్తున్నదనీ విన్నవించాడు.

"అందరి పర్మిట్లూ బస్సులోనే పోతాయి మేడం," అన్నాడు సంజీవయ్య, తలుపు దగ్గర నుంచి.

దానమ్మ ముందుకొచ్చి పసుపుపచ్చ కాగితాన్ని బల్ల మీద పరిచింది. పూర్ణిమ చదవసాగింది. "ఊటను పసిగట్టడానికి అయిదు గుర్తులు. ఒకటి, మూతకు రంధ్రం గానీ గొట్టం గానీ ఉంటుంది. రెండు, చెవి పెడితే బుడబుడ వినిపిస్తుంది. మూడు, తెల్లగుడ్డ కట్టి ఉంటారు. నాలుగు, పుల్లటి వాసన. అయిదు..." ఇక్కడ ఆగి ఎలీషా వైపు చూసింది. "అయిదు, అడిగితే పశువుల మందు అంటారు. చదువుకున్నవాడైతే పరిశోధన అంటాడు. నమ్మవద్దు."

ఎలీషా కళ్ళు ఆ కాగితం అడుగుభాగం మీద పడ్డాయి. 'ఇట్లు, ఎలీషా, కార్యదర్శి' అని అక్కడ నల్లటి అక్షరాలతో ఉంది. అయిదో గుర్తు రాసిననాడు మానవస్వభావం మీద తనకున్న పట్టుకు తానే ముగ్ధుడై వినీతకు రెండుసార్లు చదివి వినిపించిన సంగతి ఆయనకు అనవసరంగా జ్ఞాపకం వచ్చింది.

"ఇది రాసింది మీరేనా సార్?"

"నేనే."

"అయిదోది కూడా?"

"...నేనే."

"మరి ఈ క్యాన్లలో ఉండేది ఏమంటాండారు మీరు?"

ఎలీషా బయటి వేపచెట్టును చూశాడు, గోడ మీది గడియారాన్ని చూశాడు, చివరికి తన చెప్పులను చూశాడు. "పరిశోధన," అన్నాడు.

"అయిదోది సరిపోయింది," అని గొణుక్కుంటూ సంజీవయ్య రాసుకున్నాడు.

ఆగ్రహం పట్టలేక ఎలీషా దానమ్మ వైపు తిరిగాడు. "నన్ను గుర్తుపట్టలేదా తల్లీ? పోయినేడు మీ ఊర్లో మైకు పట్టుకొని గంటసేపు మాట్లాడింది నేనే గదా!"

"బస్సెక్కినప్పుడే పట్టినా సార్. అందుకే ఇంకా బిరీన ఫోన్ చేసినా. 'ఎంత పెద్దమడిసైనా సరే, మొగమాటపడొద్దు' అంటివి గదా నువ్వు." దానమ్మ కొంగు సర్దుకుంది. "మా ఇంటాయన తాగి సచ్చిపోయినాడు సార్. ఊట ఎవరింట్లో ఉండాదో ఊరందరికీ తెలుసు. పెద్దోళ్ళిల్లు అని ఎవరూ ఫోన్ చేయలా. నేనూ చేయలా. ఆ పొద్దు మొగమాటపడినా."

ఎలీషా చెవులు వాటంతట అవే తెల్లబడ్డాయి. ఉదయం నుంచి ఆయన తిట్టదలచిన వారి జాబితాలో ఆమె మొదటిది. ఆ పేరు కొట్టేయవలసి వచ్చింది.

తన సంగతి తెలిసిన పెద్దమనిషి దగ్గర్లో మరొకరు లేక, తొమ్మిదిన్నరకు ఆయన గురుస్వామికి ఫోను చేశాడు. పదింబావుకు ఆచార్యుడు నిపుణుల సంఘంలోని మరో సభ్యుణ్ణి వెంటబెట్టుకుని కారు దిగాడు. పట్టుపంచె, చేతికర్ర, చంకలో గ్రంథం. నిరపరాధిని కాపాడే అవకాశం మనిషికి జీవితంలో అరుదుగా వస్తుంది. ఆ నిరపరాధిని అదే మాటతో ఓడించే అవకాశం ఇంకా అరుదు.

"అమ్మా, ఇనస్పెక్టరుగారూ, మీరు పొరపడ్డారు," అన్నాడు గురుస్వామి, కూర్చోకుండానే. "ఈ క్యాన్లలో ఆల్కహాలు ఉండటం ప్రకృతివిరుద్ధం. ఈస్టు ఈ చక్కెరను ముట్టదు. రెండువందల పన్నెండో పేజీ చూడండి. ఇది కేవలం కుళ్ళిన చొప్పనీళ్ళు. కావాలంటే రాసి సంతకం పెడతాను. ఈ అమాయకుణ్ణి వదిలేయండి."

బస్సు దింపినప్పుడు ఎలీషా సహించాడు. రోడ్డు మీద దుమ్ము తిన్నప్పుడు సహించాడు. తన కరపత్రంతోనే తనను కొట్టినప్పుడు కూడా సహించాడు. కుళ్ళిన చొప్పనీళ్ళన్న మాట విన్నాక ఆయన లేచి నిలబడ్డాడు. చిత్రమేమంటే, ఆ గదిలో అదే క్షణాన అంతే కోపంతో లేచినవాడు మరొకడు కూడా ఉన్నాడు.

"కుళ్ళిన నీళ్ళా?" అన్నాడు సంజీవయ్య. "ఇరవై ఎనిమిదేండ్లు ఈ ముక్కుతోనే అన్నం తింటాండా సార్. నాకే వంక పెడతాండావా? ఈ గుడగుడమనే క్యాను ఉండాదే, ఇది నికార్సైన ఊట. ఆరు దాటింది. ఆ రెండోదాంట్లో యేం లేదు, ఉట్టి నీళ్ళు. అది మనల్ని మాయ చేసేదానికి తెచ్చినాడు."

"మాయ కాదప్పా, అది పోల్చి చూసేదానికి!" అని ఎలీషా అరిచాడు గానీ, మనసులో ఎక్కడో ఆ మనిషి కాళ్ళకు మొక్కాలనిపించింది. ఆరేళ్ళుగా నిపుణులెవరూ ఒప్పుకోని సత్యాన్ని ఒక్క పీల్పులో పట్టుకున్న మొదటి మానవుడు అతడు.

పూర్ణిమ కలం కింద పెట్టింది. "ఎలీషా సార్, ఇట్ల రాండి. పెద్దాయన రాసిస్తానంటాండారు. మీరు కూడా అవునంటే ఈ కాగితం ఇప్పుడే చింపేస్తా. పోయి మీ మీటింగు చూసుకోండి. ఒక్క మాట చెప్పండి. ఇందులో ఆల్కహాలు ఉండాదా, లేదా?"

లేదంటే స్వేచ్ఛ. పెద్దల సమక్షంలో, సొంత నోటితో, లేదని. ఆ ఒక్క మాటను గురుస్వామి గ్రంథంలో రెండువందల పన్నెండో పేజీ కింద అచ్చువేయిస్తాడు. నెలాఖరుకు వెనీలా గడ్డకడుతుంది. ఉందంటే కేసు, పత్రికలో ఫొటో, ఆదివారం చర్చిలో చూపులు, బహుశా ఉద్యోగం. ఎలీషా నలభై ఏడు వైపు చూశాడు. అది ఏ సంకోచమూ లేకుండా బుడుక్ మంది.

"ఉండాది!" అన్నాడు. "అయిదు కాదు, ఆరు పైన ఉండాది!"

"మీరు నేరం ఒప్పుకుంటాండారు సార్."

"నేరం కాదు మేడం, ఫలితం!"

సంజీవయ్య వచ్చి ముద్దాయి భుజం తట్టాడు. "శభాష్ సార్. నా సర్వీసులో తనంతట తాను ఒప్పుకున్న మొగోణ్ణి నిన్నే చూస్తాండా."

"ఇది ఆత్మహత్యాసదృశమైన మొండితనం," అన్నాడు గురుస్వామి. "కొలవండి! ఇప్పుడే, నా ఎదుటనే కొలవండి. సున్నా వస్తుంది."

కొలత మొదలైంది. స్టేషనులో ఇటువంటి అవసరాలకు ఉంచిన చిన్న గాజుబట్టీని సంజీవయ్య అలమరలోంచి తీసి, పెళ్ళినాటి వెండిగిన్నెను తుడిచినంత భక్తితో తుడిచాడు. ముందు మౌనంగా ఉన్న క్యాను. దాని రసాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి, ఆల్కహాలు శాతం చూపే గాజుపుల్ల తేల్చి చూస్తే ఏమీ లేదు. గురుస్వామి దిక్కులు చూసి చిరునవ్వు నవ్వాడు. తరువాత నలభై ఏడు. తొలి చుక్కలు పడ్డాయి. సంజీవయ్య వాటిని చెంచాలోకి పట్టి అగ్గిపుల్ల చూపాడు. నీలిమంట నాట్యమాడింది. గాజుపుల్ల తేలింది. పూర్ణిమ వంగి చూసింది, ఆచార్యుడు కళ్ళద్దాలు సవరించి చూశాడు, ఆపైన కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూశాడు.

"ఆరున్నర," అంది పూర్ణిమ.

"బెల్లం కలిపి ఉంటాడు," అన్నాడు గురుస్వామి. స్వరంలో అంతకుముందున్న ఇనుము లేదు.

"బెల్లం ఊట వాసన నాకు తెలీదా సార్? ఇది ఉట్టి చొప్ప. అయినా రెండు క్యాన్లలో ఒకటే రసం గదా. బెల్లం కలిపింటే ఆ రెండోది కూడా పులిసిండల్ల," అన్నాడు సంజీవయ్య. పోల్చి చూపడమనే శాస్త్రపద్ధతిని ఇంత క్లుప్తంగా బోధించడం ఎలీషాకు తన తరగతిలో ఏనాడూ సాధ్యం కాలేదు.

పంచనామా రాశారు. 'బెల్లము గానీ ఇతర చక్కెర గానీ కలపని జొన్నచొప్ప ఊట, పది లీటర్లు, ఆల్కహాలు ఆరున్నర శాతం. అదే రసము గల రెండవ క్యానులో ఆల్కహాలు లేదు.' అడుగున ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ముద్దాయికి చుట్టమో స్నేహితుడో కాని పెద్దమనుషులై ఉండాలి. సమాచారం ఇచ్చిన మనిషి కనుక దానమ్మ పనికిరాదు.

"మీకు ఈ సారుతో స్నేహమేమన్నా ఉండాదా?" అని పూర్ణిమ ఆచార్యుణ్ణి అడిగింది.

"స్నేహమా? ముమ్మాటికీ లేదు!" అన్నాడు గురుస్వామి, అవమానం జరిగినట్టు. "కళ్ళతో చూసినదానికి సంతకం పెట్టడానికి గురుస్వామి ఏనాడూ వెనుకాడలేదు." కలం అందుకుని, బిరుదులతో సహా పూర్తిగా సంతకం చేశాడు. వెంట వచ్చిన సభ్యుడు కూడా చేశాడు.

ఎలీషా ఆ కాగితాన్ని తలకిందులుగానే చదివి, ఆరేళ్ళలో మొదటిసారిగా మెల్లగా మాట్లాడాడు. "సార్, నా ప్రయోగానికి ఇప్పుడు సాక్షిని నేను కాదు గదా."

గురుస్వామి కాగితాన్ని చూశాడు, గ్రంథాన్ని చూశాడు. పంచనామాను కాదంటే న్యాయస్థానంలో అబద్ధసాక్షి అవుతాడు. పేజీని కాదంటే కొత్త ముద్రణ వేయిస్తే సరిపోతుంది. "మామూలు ఈస్టు," అన్నాడు గ్రంథం తెరుస్తూ. "ఈస్టు అన్నచోట మామూలు ఈస్టు అని ఉండవలసింది. అచ్చుతప్పు."

సరిగ్గా అప్పుడు బయట హారన్ మోగింది. నంద్యాల నుంచి తిరిగి వస్తున్న బస్సు ఆపి, మద్దిలేటి ఫైలుతో లోపలికి వచ్చాడు. "కాగితాలు మర్సిపోతివి గదా సార్. బస్సు నిండా మీ వాసనే. ఒగాయన నంద్యాల దాకా నిద్రే లేయలా."

పూర్ణిమ పర్మిట్ చదివింది. రెండు సంతకాలు, మూడు ముద్రలు. 'అయిదు నుంచి పది శాతం వరకు ఆల్కహాలు గల పులిసిన ద్రవము, ఇరవై లీటర్లకు మించకుండా, ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు.' ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "దీన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకొనింటే పోయేది గదా సార్, ఇంత రామాయణం!"

ఎలీషా దీనికి జవాబు ఇంట్లో ఒకసారి చెప్పి ఉన్నాడు.

కేసు లేదన్నారు. పంచనామా మాత్రం అంకె వేసి రిజిస్టరులో చేరిపోయింది గనుక చింపడానికి వీలులేదన్నారు. మొగలిపువ్వును భద్రం చేసుకున్నట్టు దాని నకలును ఎలీషా ఫైలులో పెట్టుకున్నాడు. పరీక్ష అయ్యాక మిగిలిన ద్రవాన్ని, జన్యువు మార్చిన జీవి బయటికి పోకుండా, బ్లీచింగు పొడి కలిపి చంపాలని నిబంధన. ఆ పని ఆయన తన చేతులతోనే చేశాడు. సంజీవయ్య టోపీ తీసి నిలబడ్డాడు. నిపుణుల సంఘం సమావేశం ఆ మధ్యాహ్నం స్టేషను వరండాలోని బల్ల మీదే జరిగింది. మూడేళ్ళ పొడిగింపు సిఫారసుకు జతచేసిన రుజువుపత్రం ఒక్కటే, ఆబ్కారీ పంచనామా. క్యాంటీను వాళ్ళు వేరే ఫ్రీజరు కొలతలు తీసుకోవడానికి వెళ్ళారు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ఎలీషా ధర్మాగ్రహానికి ఒక అందం ఉండేది. కానీ ఆ కరపత్రం వెనుకవైపున మరొక వాక్యం ఉంది. రాసింది ఆయనే. 'రుజువైన ఊటను పట్టించినవారిని సంఘం తరఫున కార్యదర్శి స్వహస్తాలతో శాలువా కప్పి సన్మానిస్తారు.' ఆదివారం ఆరాధన అయ్యాక దానమ్మ పంచనామా నకలుతో ఆళ్ళగడ్డ చర్చి మెట్లెక్కింది.

"కేసు కొట్టేసినారు గదమ్మా," అన్నాడు ఎలీషా. చెవులు అప్పుడే ఎర్రబడుతున్నాయి.

"కేసు సంగతి యాడా రాయలేదు సార్. రుజువైతే అని రాసినావు. రుజువైంది గదా? కాలేదను, పోతా."

కాలేదనడం ఎలీషా వల్ల కాలేదు. పెద్దలు సమావేశమయ్యారు. నియమం నియమమే అన్నారు. శాలువా వచ్చింది. ఎలీషా దానమ్మకు శాలువా కప్పాడు. తరువాత, సంఘం ఆనవాయితీ ప్రకారం, పట్టుబడిన సరుకు వివరాలను సభకు చదివి వినిపించాడు.

ఆరున్నర శాతం అన్నచోట కార్యదర్శి గొంతు అవసరానికి మించి పెరిగిందనీ, ఎవరూ అడగకుండానే ఆ మాట రెండోసారి కూడా చదివాడనీ, ముందువరుసలో కూర్చున్న వినీత సాక్ష్యం.